పూర్తధర్మం – పుణ్యదంపతులు

  



మన కారంచేడు గ్రామంలో స్వామివారి ఆలయ జీర్ణోద్ధరణకు సంకల్పం జరిగిన నాటి నుండి నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే. ముహూర్తం ఎప్పుడని అడిగినవారు కొద్దిమంది. శిల ఎక్కడినుండి వస్తున్నదని అడిగినవారు ఇంకా కొద్దిమంది. "పంతులుగారూ! పీటల మీద ఎవరు కూర్చుంటారు?" అని అడిగినవారే అధికం. ఆ కోరిక సహజమైనదే. కష్టార్జితంలో నుండి ద్రవ్యం సమర్పించినవారికి, తమ చేతులతో ఒక కలశాన్ని స్పృశించాలనీ, పూర్ణాహుతి వేళ యాగశాలలో ఉండాలనీ అనిపించడంలో తప్పు లేదు.

వారందరికీ నేను చెప్పిన సమాధానం కూడా ఒక్కటే. "దంపతులుగా రండి." ఇల్లాలికి పొలం పని ఉన్నదనో, ఒంట్లో బాగులేదనో చెప్పి, తామొక్కరే వచ్చి కూర్చుంటామన్న ఇద్దరు ముగ్గురిని సవినయంగా వెనుకకు పంపాను. వారు నొచ్చుకొన్నారు. (భార్యావియోగం పొందినవారికి శాస్త్రం వేరే మార్గం చెప్పింది. అది ఇక్కడ ప్రస్తుతం కాదు.) వారు నొచ్చుకొన్నందువల్లనే ఈ సంచికలో నాకు కేటాయించిన పుటలలో ఆలయ స్థలపురాణానికి బదులు, దంపతులు కలిసి చేసే లోకహిత కార్యాలను గురించీ, ఈ ప్రాంత చరిత్రలో అట్టి పుణ్యదంపతులను గురించీ వ్రాయ సంకల్పించాను. చివర మన ఊరి విషయం కూడా ఒకటి మనవి చేస్తాను. ఓపికతో చదవండి.

భార్య పక్కన లేనిదే యజమానుడు కర్మకు అధికారి కాడన్నది వైదిక సంప్రదాయం. పాణిని మహర్షి 'పత్ని' అనే శబ్దాన్ని సాధించేటప్పుడు యజ్ఞసంబంధాన్నే నిమిత్తంగా చెప్పాడు. అంటే భర్తతో కలిసి కర్మను ఆచరించి ఆ ఫలంలో భాగం పొందినదే పత్ని. వ్యాకరణం చదివే రోజుల్లో మా గురువుగారు ఈ సూత్రం వద్ద ఆగి ఒక పూటంతా దీనినే చెప్పేవారు. శ్రీరామచంద్రమూర్తి అంతటివాడు అశ్వమేధానికి సీతమ్మవారి స్వర్ణప్రతిమను చేయించుకొనవలసి వచ్చిందన్న కథ మీలో తెలియనివారు ఉండరు.

ఇక కర్మ రెండు విధాలు. ఇష్టమని ఒకటి, పూర్తమని ఒకటి. రెంటినీ కలిపి ఇష్టాపూర్తాలు అంటారు. అగ్నిహోత్రం, యజ్ఞయాగాదులు ఇష్టం. బావులు, చెరువులు, దిగుడుబావులు త్రవ్వించడం, దేవాలయాలు కట్టించడం, తోటలు వేయించడం, అన్నం పెట్టడం పూర్తం. ఈ రోజు మనం చేస్తున్న జీర్ణోద్ధరణ పూర్తంలోకి వస్తుంది. వైదికమైన ఇష్టంలో అధికారభేదాన్ని గట్టిగా చెప్పిన స్మృతికారులే, పూర్తం వద్దకు వచ్చేసరికి శూద్రులకు కూడా అధికారం ఉన్నదని ఒప్పుకొన్నారు. పూర్తధర్మాల పట్టికలో మొట్టమొదట వచ్చేది నీరు. ఆలయం ఆ తరువాత వస్తుంది. ఈ క్రమాన్ని దయచేసి జ్ఞాపకం ఉంచుకోండి.

మన ప్రాంతపు శాసనాలలో దాతలు ఎలా కనబడతారో చూడండి. స్వామికి అఖండదీపం పెట్టి, దానికి ఆవులనో గొర్రెలనో ఇచ్చి, వాటిని కాపరులకు అప్పగించి, నిత్యం నేయి కొలిచేటట్లు కట్టుబాటు చేసిన దానాలు లెక్కకు మిక్కిలి. ఆ దాతలలో రాజులూ, సైన్యాధిపతులూ, వర్తకులే కాక వారి భార్యలు కూడా ఉన్నారు. 13వ శతాబ్దిలో ధాన్యకటకాన్ని రాజధానిగా చేసుకొని ఏలిన కోట వంశంలో బేతరాజు భార్య గణపాంబ. ఆమె కాకతి గణపతిదేవ చక్రవర్తి కుమార్తె. రుద్రమదేవికి తోబుట్టువు. భర్త గతించిన పిమ్మట ఆమె రాజ్యభారం వహించి, భర్త పుణ్యార్థం ఆయన పేరనే బేతేశ్వరాలయాన్ని నిర్మింపజేసింది. యనమదల శాసనం ఈ చరిత్రను చెబుతున్నది. పీట మీద పక్కన భర్త లేకపోయినా ఆమె చేసిన పూర్తంలో అతడు ఉన్నాడు.

రాజుల కాలం దాటి, మనకు దగ్గర కాలానికి వస్తాను. లోకహితానికై దంపతులు ఇద్దరూ జీవితాంతం కలిసి పాటుపడటం ఎట్టిదో ఆంధ్రదేశానికి మొదట చూపినవారు రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు, రాజ్యలక్ష్మమ్మగారు. నా వంటి అర్చకుడు వారిని స్తుతించడం కొందరికి వింతగా తోచవచ్చును. వీరేశలింగంగారు విగ్రహారాధనను అంగీకరించినవారు కారు. ఆ విషయంలో నాకు వారితో నేటికీ పేచీయే. కాని 1881 డిసెంబరు 11వ తేదీన వారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆ ఇంట ఏమి జరిగిందో చదివితే తల వంచక తప్పదు. పీఠాధిపతుల నుండి బహిష్కార శ్రీముఖాలు వచ్చాయి. వంటవారు రామన్నారు. నీళ్ళు తెచ్చేవారు మానివేశారు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరికి పోయి బిందెతో నీరు మోసి తెచ్చి, తానే వండి, వచ్చినవారికి వడ్డించింది. ఉపన్యాసం ఇచ్చిన భర్త పేరు లోకంలో నిలిచింది. ఆ నీటి బిందె లేనిదే ఆ పెండ్లి లేదు. 1890లో రాజమహేంద్రవరంలో పురజనులు సమావేశం కావడానికి వారు కట్టించిన పురమందిరం కూడా పూర్తమే. రాజ్యలక్ష్మమ్మగారు 1910లోను, పంతులుగారు 1919లోను పరమపదించారు.

ఆ నాడు శ్రీముఖాలు తెచ్చినవారు, వంటకు రామన్నవారు, మంత్రం చెప్పమన్నవారు మా వర్గంవారే. ఆ మాట దాచి ఈ చరిత్ర చెప్పడం నాకు ఇష్టం లేదు.

వీరేశలింగంగారి బాటలో నడిచి, ఆ పనిని మన గుంటూరు సీమకు తెచ్చిన దంపతులు ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు. మన కారంచేడు కూడా ఆనాడు గుంటూరు జిల్లాలోనిదే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, అది ప్రకాశం జిల్లా అయినది. 2022లో మనం బాపట్ల జిల్లాలోకి వచ్చాము. కాబట్టి ఉన్నవవారిని మన జిల్లావారని చెప్పుకొనే హక్కు మన తాతలకు ఉండేది. ఆ హక్కును నేను వదులుకోలేదు.

లక్ష్మీనారాయణగారు 1877 డిసెంబరు 4న సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు గ్రామంలో జన్మించారు. ఆనాటి ఆచారం ప్రకారం చిన్న వయసులోనే వివాహమయింది. కొంతకాలం ఉపాధ్యాయులుగా ఉండి, పిమ్మట న్యాయవాద వృత్తిలో ప్రవేశించారు. 1902లో గుంటూరులో వితంతు శరణాలయాన్ని స్థాపించారు. అక్కడికి వచ్చిన బాలవితంతువులకు తలదాచుకొనే చోటు, చదువు, వీలైతే మరల వివాహం, ఇవి ఆ సంస్థ చేసిన పనులు. ఇటువంటి శరణాలయాన్ని పురుషుడొక్కడు నడపలేడన్నది వేరే చెప్పనక్కరలేదు. రాత్రివేళ తలుపు తట్టి వచ్చిన పదునాలుగేండ్ల పిల్లను ఇంటిలోకి పిలువవలసినది ఇల్లాలే. ఊరు వేలెత్తి చూపినప్పుడు ఆ మాటలు మొదట పడవలసినదీ ఇల్లాలే. లక్ష్మీబాయమ్మగారు ఆ భారాన్ని వహించారు.

1913లో లక్ష్మీనారాయణగారు బారిస్టరు చదువుకై ఐర్లండు దేశానికి వెళ్ళి డబ్లిన్ నగరంలో చదివారు. సముద్రయానం దోషమని నమ్మిన కాలం అది. ఆ ఏడే మన బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న మాట ఆ వేదికపైనే బలపడింది. ఐర్లండులో స్వాతంత్ర్యోద్యమం ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఉన్నవవారు అక్కడ ఉన్నారు. తిరిగివచ్చి బారిస్టరుగా పనిచేసి, సహాయనిరాకరణోద్యమం రాగానే ఆ వృత్తిని వదిలివేశారు. పల్నాటి అడవులలో పశువులు మేపుకొన్నందుకు పేదరైతులు చెల్లించవలసిన పుల్లరికి విరుద్ధంగా 1921లో సాగిన సత్యాగ్రహంలో పాల్గొని కారాగారం పాలయ్యారు.

ఆ సంవత్సరం మన పొరుగున చీరాల – పేరాలలో ఏమి జరిగిందో ఇక్కడి వృద్ధులకు వారి పెద్దలు చెప్పే ఉంటారు. ప్రజలు వద్దంటున్నా మునిసిపాలిటీని ఏర్పాటు చేసి, పన్నుల భారం అనేక రెట్లు పెంచినప్పుడు, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో వేలాది కుటుంబాలు ఇండ్లు విడిచి, ఊరి బయట రామనగరంలో పందిళ్ళు వేసుకొని నెలల తరబడి నివసించాయి. 1921 ఏప్రిల్‌లో మహాత్ముడు చీరాలకు వచ్చాడు. పురపాలన అనే మాట మన ప్రాంతంవారికి మొదట తెలిసినది ఈ విధంగానే. ఎండలో, వానలో, పిల్లలతో పందిళ్ళ కింద పొయ్యి వెలిగించిన ఇల్లాండ్రు లేకపోతే దుగ్గిరాలవారి పాటలూ, హాస్యమూ ఆ ఉద్యమాన్ని పట్టుమని పది రోజులు నిలుపగలిగేవి కావు.

తిరిగి ఉన్నవ దంపతుల వద్దకు వస్తాను. 1922వ సంవత్సరం వారి జీవితంలో విశేషమైనది. కారాగారంలో ఉండగా లక్ష్మీనారాయణగారు 'మాలపల్లి' నవలను రచించారు. దానికే 'సంగవిజయము' అని మరొక పేరు. ఆ సంవత్సరమే గుంటూరులో శారదానికేతనం స్థాపితమయింది.

ముందు శారదానికేతనం మాట. స్త్రీలకు చదువు చెప్పాలన్న వాదన అప్పటికి చాలమంది చేస్తున్నారు. ఏ చదువు చెప్పాలన్నది ఎక్కువమంది ఆలోచించలేదు. ఆ దంపతులు ఒక్కచోటనే తెలుగు సంస్కృతాలను, చేతిపనులను నేర్పే ఏర్పాటు చేశారు. నిరాధారులైన స్త్రీలకు అక్కడ నీడ దొరికింది. సంస్కృతం నేర్చుకొన్న స్త్రీ పదిమందికి చెప్పగలదు. నేత, కుట్టు నేర్చుకొన్న స్త్రీ ఒకరి గుమ్మం ఎక్కక తన పొట్ట తాను పోసుకోగలదు. సంస్కృత వ్యాకరణం ఆడపిల్లల నోట పలుకరాదని నమ్మిన పండితులు మా చిన్ననాటికి కూడా ఉన్నారు. ఒక వితంతువు చేత కావ్యం చదివించి, పరీక్షకు పంపి, ఉపాధ్యాయినిగా నిలబెట్టడం ఎంతటి సాహసమో దానినిబట్టి ఊహించుకోవచ్చును. ఈ సంస్థకు లక్ష్మీబాయమ్మగారు ప్రాణం. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినప్పుడు ఆమె కూడా కారాగారానికి వెళ్ళారు. ఒకరు లోపల ఉంటే ఒకరు బయట పని సాగించిన కాలాలు ఉన్నాయి. ఇద్దరూ శిక్షలు అనుభవించిన కాలాలూ ఉన్నాయి. సంస్థ మాత్రం సాగింది.

ఇక 'మాలపల్లి'. వేదపాఠశాలలో చదువుకొన్న రోజుల్లో నేను ఈ పుస్తకం పేరు కూడా వినలేదు. మా పాఠశాలలో నవలలు చదవడం నిషిద్ధం. నలభై ఏండ్లు దాటిన పిమ్మట, ఒక మిత్రుడు ఇస్తే చదివాను. మొదట నన్ను ఆకర్షించినది రామదాసు పాత్ర. అతడు మాలవాడు. భక్తుడు. తత్త్వం తెలిసినవాడు. అతని ఇంట భార్యాబిడ్డలు అతనితో పాటే ధర్మం తప్పక నడుస్తారు. మేము పన్నెండేండ్లు కూర్చుని వల్లించిన వేదాంతాన్ని ఆ మనిషి బ్రతుకులో పెట్టుకొని తిరుగుతుంటాడు. అతని కుమారుడు సంగదాసు ఊరి కూలీల పక్షాన నిలబడతాడు. ఊరి పెద్దరైతు కుమారుడు రామానాయుడు సంగదాసుకు ప్రాణమిత్రుడు. ఆ పెద్దరైతు కోపావేశంలో కొట్టిన దెబ్బకే సంగదాసు ప్రాణం పోతుంది. ఈ ఘట్టం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం కిందికి వచ్చేసరికి మీకు తెలుస్తుంది. మదరాసు ప్రభుత్వం ఈ నవలను నిషేధించింది. కొంతకాలానికి నిషేధం సడలినా, 1936లో మరల విధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చిన పిమ్మట అది తొలగింది. లక్ష్మీనారాయణగారు 1958 సెప్టెంబరు 25న కీర్తిశేషులయ్యారు.

మరొక దంపతులను గురించి కూడా చెప్పాలి. వారు మన రైతుబిడ్డలకు ఇంకా దగ్గరివారు. పొన్నూరు పక్కన నిడుబ్రోలులో 1900 నవంబరు 7న జన్మించిన ఆచార్య ఎన్.జి. రంగాగారు, వారి సతీమణి భారతీదేవిగారు. రంగాగారు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, మదరాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులై, ఆ పదవిని వదలి రైతుల వెంట నడిచారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు దాని కార్యదర్శి. స్వగ్రామంలోనే రైతు కార్యకర్తలకు శిక్షణనిచ్చే విద్యాలయాన్ని నెలకొల్పారు. భారతీదేవిగారు జాతీయోద్యమంలోను, రైతు ఉద్యమంలోను ఆయనతో పాటు నడిచారు. రంగాగారు 1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించిన నాటి నుండి దశాబ్దాల పాటు చట్టసభలలో ఉండి, 1991లో పద్మవిభూషణ్ పొంది, 1995 జూన్ 9న గతించారు. ఈ వివరాలు పెద్ద పుస్తకాలలో ఉన్నాయి. నేను చెప్పదలచినది చిన్న విషయం. ఆ ఇంటివారు తమ మంచినీటి బావిని హరిజనులకు తెరిచారు.

ఇది చిన్నదా? పల్లెటూరిలో రైతు ఇంటి బావి అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? బావి ఇంటి పెరటిలో ఉంటుంది. ఇంటి యజమాని ఉదయం బయటికి పోతాడు. పగలంతా ఆ గిలక వద్ద నిలబడేది ఇల్లాలు. ఎవరి చేద పడింది, ఎవరి బిందె ఒరపు మీద పెట్టారు అని పొరుగింటివారు అడిగేది ఇల్లాలినే. భర్త వేదిక మీద ఎంత గొప్పగా ప్రకటించినా, గృహిణి ముఖం మాడ్చుకొంటే ఆ బావికి మరునాడు ఎవరూ రారు. కాబట్టి ఆ బావి తెరవడం దంపతులు ఇద్దరూ పీటల మీద కూర్చుని చేసిన కర్మతో సమానమని నేను భావిస్తాను. మంత్రాలు లేకపోవచ్చును. పూర్తం మాత్రం సంపూర్ణం.

ఇప్పుడు మన ఊరి విషయం.

మీలో చాలమందికి ఇది ఈ సంచికలో ఉండవలసిన విషయం కాదని తోచవచ్చును. శుభకార్యంలో అశుభం ఎందుకని సంపాదకవర్గంలో ఒకరు నన్ను మెల్లగా అడిగారు కూడా. ప్రతిష్ఠకు ముందు ప్రాయశ్చిత్త విధి ఉన్నదనీ, తెలిసీ తెలియకా జరిగిన దోషాలను పేరు పెట్టి చెప్పుకొన్న తరువాతనే యాగశాల ప్రవేశం చేస్తామనీ వారికి మనవి చేశాను. వారు మరల అడ్డు చెప్పలేదు.

1985 జూలై 16వ తేదీన మన ఊరి మాదిగపల్లెవారి మంచినీటి చెరువు వద్ద తగవు జరిగింది. తాము త్రాగే నీటిలో గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే పల్లెవారు వద్దన్నారు. ఒక స్త్రీ బిందె ఎత్తి అడ్డుకొన్నది. మరునాడు, జూలై 17న, పల్లెపై పడి ఆరుగురిని చంపారు. స్త్రీలకు జరిగిన అవమానాన్ని ఈ పుటలలో వ్రాయలేను. మిగిలినవారు ఊరు విడిచి చీరాల చేరుకొన్నారు. చాలమంది అక్కడే స్థిరపడిపోయారు. ఆ సంఘటన తరువాత దేశమంతటా మన ఊరి పేరు ఎలా పలికారో మీకు తెలుసు. 1989లో పార్లమెంటు చేసిన అత్యాచారాల నిరోధక చట్టానికి నేపథ్యం చెప్పేవారు కారంచేడును ఎత్తక మానరు. 2008 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానం అంతిమంగా తీర్పు చెప్పి శిక్షలు ఖాయం చేసింది. న్యాయస్థానం పని న్యాయస్థానం చేసింది. దానిపై వ్యాఖ్యానించడం నా పని కాదు.

నా సంగతి చెబుతాను. అప్పటికి నేను పాఠశాల నుండి వచ్చి అర్చకత్వంలో కొత్తగా కుదురుకొన్నవాణ్ణి. ఆ ఉదయం స్వామికి అభిషేకం యథావిధిగా జరిగింది. నైవేద్యం జరిగింది. గంట మ్రోగింది. తరువాత రోజులలో గుడికి వచ్చినవారెవరూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. గోత్రనామాలు అడిగి, అర్చన చేసి, తీర్థం ఇచ్చి పంపాను. ఎవరు ఏమి చేశారో నాకు తెలియదని నాకు నేను చెప్పుకొన్నాను. ఇంటికి పోతే నా సహధర్మచారిణి ఒక మాట అడిగింది. "వాళ్ళ చెరువు నీళ్ళను గురించి జరిగిందట కదండీ, మీరు రోజూ పంచేది తీర్థమే కదా, ఒక్క మాటైనా అనలేదా?" అని. కోప్పడి ఊరుకోమన్నాను. నా ఇంట పీట మీద ఆ రోజు ఆమె ఒక్కతే కూర్చున్నట్లు లెక్క. ఇన్నేండ్ల తరువాత ఇది అచ్చులో ఒప్పుకొంటున్నాను. 'మాలపల్లి'లో సంగదాసు మరణం చదివిన రాత్రి నాకు నిద్రపట్టకపోవడానికి కారణం ఇదే.

ఆలయప్రవేశాన్ని 1947లోనే మదరాసు ప్రభుత్వం చట్టం చేసి హిందువులందరికీ హక్కుగా ఇచ్చింది. మన ద్వారానికి అప్పటినుండీ తాళం లేదు. అయితే రమ్మని పిలిచినది ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు అని అడిగితే నా వద్ద సమాధానం లేదు. పల్లెవారిలో చాలమంది క్రైస్తవ మతస్థులు. వారిని మన దేవునికి మ్రొక్కమని అడిగే ఉద్దేశం నాకు లేదు. పూర్తధర్మానికి మతంతో పని లేదు. నీటికి అసలే లేదు.

ఇక ఈ ప్రతిష్ఠకు సంబంధించిన ఏర్పాట్లు మీకు తెలియపరుస్తాను. ఆలయంలో పనులు సాగినంత కాలం స్వామివారి కళను బాలాలయంలో నిలిపి ఆరాధించాము. అంకురార్పణతో ఆరంభించి, రక్షాబంధనం, యాగశాల ప్రవేశం, అగ్నిప్రతిష్ఠ, ఆపైన జలాధివాసం, క్షీరాధివాసం, ధాన్యాధివాసం, పుష్పాధివాసం, శయ్యాధివాసం వరుసగా జరుగుతాయి. జలాధివాసమే మొదటిది. దేవుడైనా మొదట నీటిలో ఉండి రావలసినవాడే. అష్టబంధన ద్రవ్యాలను దంచేటప్పుడు రోకలి పట్టడానికి ఎవరైనా రావచ్చును. దానికి టిక్కెట్టు లేదు. నిరుడు ఒకరు అడిగారు గనుక వ్రాస్తున్నాను.

పీటల మీద కూర్చునే దంపతుల జాబితాను విరాళాల మొత్తాన్ని బట్టి వేయవద్దని కమిటీవారిని కోరాను. కొంత చర్చ జరిగింది. పెద్ద మొత్తం ఇచ్చిన ఒక దంపతులు తామే ముందుకు వచ్చి, తమ స్థానాన్ని ఊరిలో వీధికుళాయిల పని చూసే ఒక వృద్ధ దంపతులకు ఇమ్మన్నారు. వారి పేర్లు వ్రాయవద్దని వారే కోరారు. మరికొందరు అంగీకరించలేదు. వారిని నొప్పించడం నాకు ఇష్టం లేక, వారి పీటలు వారికి అలాగే ఉంచాము.

కుంభాభిషేకానికి కలశాలలో నింపే జలాన్ని గురించి చివరి మనవి. పుణ్యనదుల జలాలు కృష్ణ నుండి, గోదావరి నుండి, కాశీ నుండి వస్తున్నాయి. వాటితో పాటు మన ఊరిలో ఏ వాడనూ విడవకుండా ప్రతి వాడనుండి ఒక్కొక్క బిందె నీరు తెప్పించి కలపాలని అడిగాను. గంగాజలంలో కలిసిన ఏ నీరైనా గంగే అవుతుందని శాస్త్రం ఒప్పుకొంటుంది కాబట్టి నా కోరికకు శాస్త్రపరమైన అభ్యంతరం ఎవరూ చెప్పలేకపోయారు. రెండు సమావేశాలు జరిగాక కమిటీవారు అంగీకరించారు. పల్లెలో ఈనాడు మిగిలి ఉన్న కుటుంబాల పెద్దలతో మాట్లాడడానికి నేనూ, నా ఇల్లాలూ కలిసి వెళ్ళాము. ఆమె ముందు నడిచింది. వారు కూర్చోమన్నారు, మంచినీళ్ళు ఇచ్చారు, త్రాగాము. బిందె ఇవ్వడానికి వారు సరేనన్నారు. ఆ బిందెను అక్కడినుండి ఆలయం వరకు ఎవరు మోసుకొని రావాలన్న విషయం మాత్రం ఈ సంచిక అచ్చుకు పోయే నాటికి ఇంకా తేలలేదు. మా దంపతులం మోస్తామని చెప్పి వచ్చాము. పల్లె పెద్దావిడ ఒకరు, "మీరెందుకు, మా బిందె మేమే తెస్తాం పంతులుగారూ" అన్నది.